అమెరికా లా స్కూళ్లలో ప్రవేశావకాశాల అంచనా

అమెరికాలో న్యాయవిద్య డిగ్రీ తర్వాతే మొదలవుతుంది. నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేసినవారు మరో మూడేళ్లు చదివి ‘జ్యూరిస్ డాక్టర్’ పట్టా పొందుతారు. వాడుకలో దీన్ని జేడీ అంటారు. ఈ కోర్సులో సీటు కోరేవారి చేతిలో మొదట ఉండేవి రెండు అంకెలు. ఒకటి డిగ్రీ గ్రేడ్ల సగటు అయిన జీపీఏ, రెండోది లా స్కూల్ అడ్మిషన్ టెస్ట్ అనే ఎల్‌శాట్ స్కోరు. ఒక కళాశాల గతంలో చేర్చుకున్న విద్యార్థుల అంకెలతో ఈ రెండింటినీ పోల్చి, అక్కడ సీటు వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టడమే ప్రవేశావకాశాల అంచనా.

మన ఎంట్రన్సుల్లో ర్యాంకు చేతికొస్తే సీటు ఎక్కడ వస్తుందో దాదాపు తేలిపోతుంది. అమెరికా లా స్కూళ్లకు అలాంటి ఉమ్మడి ర్యాంకు లేదు, కౌన్సెలింగ్ లేదు. ప్రతి కళాశాలా దరఖాస్తులను విడివిడిగా చదివి తన నిర్ణయం తాను తీసుకుంటుంది. ఒక్కో దరఖాస్తుకు ఫీజు కట్టాలి, నెలల తరబడి జవాబు కోసం ఎదురుచూడాలి. అందుకే అంచనాకు అక్కడ అంత గిరాకీ. అభ్యర్థి ఏ స్థాయి కళాశాలలకు పోటీపడగలరో ఈ రెండు అంకెలు బాగానే చెబుతాయి. ఫలానా చోట సీటు ఖాయమా కాదా అన్న ప్రశ్నకు మాత్రం వాటి దగ్గర జవాబు ఉండదు.

చరిత్ర

ప్రవేశాలకు మరింత మెరుగైన పరీక్ష కావాలని 1945లో కొలంబియా లా స్కూల్ ప్రవేశాల అధికారి ఫ్రాంక్ బౌల్స్ ప్రతిపాదించారు. మొదటి ఏడాది లా పరీక్షల్లో విద్యార్థి ఎలా రాణిస్తాడో ముందే పసిగట్టగల పరీక్ష రూపొందించాలన్నది లక్ష్యం. కొలంబియా, హార్వర్డ్, యేల్ ప్రతినిధులు చేతులు కలిపారు. 1947లో లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్, అంటే ఎల్‌శాక్, ఏర్పడింది. 1948 ఫిబ్రవరిలో తొలి ఎల్‌శాట్ జరిగింది.

స్కోరు కొలమానం రెండుసార్లు మారింది. మొదట 200 నుంచి 800 వరకు ఉండేది. 1980లలో 10 నుంచి 48 వరకు ఇచ్చారు. 1991 జూన్ నుంచి 120–180 కొలమానం అమల్లో ఉంది. పాత తరం న్యాయవాదుల స్కోర్లను నేటి స్కోర్లతో నేరుగా పోల్చకూడదు.

జీపీఏ లెక్క

కళాశాల ఇచ్చిన మార్కుల జాబితాను లా స్కూళ్లు ఉన్నదున్నట్టు తీసుకోవు. ఎల్‌శాక్ అన్ని విశ్వవిద్యాలయాల గ్రేడ్లనూ ఒకే కొలమానంలోకి మార్చి కొత్త జీపీఏ కడుతుంది. ఇందులో ‘ఏ ప్లస్’కు 4.33 పాయింట్లు, ‘ఏ’కు 4.00 పాయింట్లు. అందువల్ల కొందరికి కళాశాల చెప్పిన జీపీఏ కన్నా ఎల్‌శాక్ లెక్క ఎక్కువగా వస్తుంది. ఒక సబ్జెక్టును మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నవారికి తగ్గవచ్చు. కళాశాల పాత గ్రేడును కొట్టేసినా, జాబితాలో క్రెడిట్లతో సహా కనిపిస్తే ఎల్‌శాక్ దాన్నీ కలుపుతుంది. మొదటి బ్యాచిలర్ డిగ్రీ వరకు వచ్చిన గ్రేడ్లే లెక్కలోకి వస్తాయి. ఆ తర్వాత చేసిన మాస్టర్స్‌లో ఎంత మంచి మార్కులు వచ్చినా ఈ అంకె కదలదు. అంచనా వేసుకునేవారు వాడాల్సింది ఎల్‌శాక్ కట్టిన జీపీఏనే.

కళాశాలలకు పంపే నివేదికలో జీపీఏ ఒక్కటే ఉండదు. అదే విశ్వవిద్యాలయం నుంచి దరఖాస్తు చేసినవారిలో ఆ జీపీఏ ఏ స్థానంలో ఉందో, వారి సగటు ఎల్‌శాట్ ఎంతో కూడా ఉంటుంది. గ్రేడ్లు ఉదారంగా ఇచ్చే చోట 3.8కీ, ఆచితూచి ఇచ్చే చోట 3.8కీ ఉన్న తేడాను ప్రవేశాల కమిటీ ఇలా గుర్తుపడుతుంది. బయటివారు వేసే అంచనాల్లో ఈ సమాచారం సాధారణంగా ఉండదు.

ఎల్‌శాట్ స్కోరు

ఎల్‌శాట్‌లో చట్టం గురించిన ప్రశ్నలు ఉండవు. తర్కం, చదివి అర్థం చేసుకునే శక్తి మాత్రమే పరీక్షిస్తారు. 2024 ఆగస్టు నుంచి లెక్కలోకి వచ్చే భాగాలు మూడు: తార్కిక వివేచన రెండు, పఠనావగాహన ఒకటి. వీటితోపాటు స్కోరులో కలపని ప్రయోగాత్మక భాగం ఒకటి ఉంటుంది. ఒక్కోదానికి 35 నిమిషాలు. బొమ్మలు గీసుకుని చిక్కు విప్పాల్సిన ‘లాజిక్ గేమ్స్’ భాగాన్ని అప్పుడే తొలగించారు. చూపులేని అభ్యర్థులు వేసిన దావాలో 2019లో కుదిరిన ఒప్పందం ఈ మార్పుకు దారితీసింది. తప్పు జవాబుకు మార్కులు కోయరు. సరైన జవాబుల సంఖ్యను పరీక్ష కష్టాన్నిబట్టి సరిచేసి 120–180 కొలమానంలోకి మారుస్తారు.

పరీక్ష రాసినవారి మధ్యస్థ స్కోరు 150ల తొలి అంకెల దగ్గర ఉంటుంది. పైకి పోయేకొద్దీ జనం పలచబడతారు. అందుకే 152 నుంచి 155కు పెరగడం కన్నా 167 నుంచి 170కి పెరగడం సీటు విషయంలో చాలా పెద్ద మార్పు తేగలదు. జీవితకాలంలో ఏడుసార్లు పరీక్ష రాయవచ్చు. స్కోర్లన్నీ కళాశాలకు కనిపిస్తాయి. అయినా బహిరంగ గణాంకాల్లో అత్యధిక స్కోరునే చూపాలని అమెరికన్ బార్ అసోసియేషన్ 2006లో మార్చిన నియమం వల్ల కళాశాలలు ఎక్కువగా దానికే విలువ ఇస్తున్నాయి.

ఏ కొలతలోనైనా దోషం ఉంటుంది. ఎల్‌శాట్ స్కోరుకు అటూ ఇటూ సుమారు మూడు పాయింట్ల పట్టీని ఎల్‌శాకే చూపిస్తుంది. 164, 166 తెచ్చుకున్న ఇద్దరి సామర్థ్యంలో తేడా ఉందని ఆ పరీక్ష గట్టిగా చెప్పలేదు. అదే రెండు పాయింట్ల తేడా ఒకరికి సీటు, మరొకరికి తిరస్కరణ తెచ్చిపెట్టగలదు. ఈ పద్ధతిలోని అసలు ఇబ్బంది ఇదే. దాన్ని అభ్యర్థులు తమ తెలివికి తీర్పుగా తీసుకోకూడదు.

అధికారిక సమాచారం

అంచనాకు ముడిసరుకు ఎక్కడిదన్నది మొదట చూడాలి. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న లా స్కూళ్లు సుమారు 200. ఆ అసోసియేషన్ 509వ ప్రమాణం కింద ప్రతి కళాశాలా ఏటా డిసెంబరు 15కల్లా ఒక వెల్లడి పత్రం ప్రచురించాలి. దరఖాస్తులు ఎన్ని, సీటు ఇచ్చినవి ఎన్ని, చేరినవారు ఎందరు, వారి ఎల్‌శాట్, జీపీఏలకు 25వ, 50వ, 75వ పర్సంటైల్ విలువలు ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఉపకారవేతనాలు ఎందరికి, ఎంత మేరకు ఇచ్చారో కూడా ఉంటుంది. 50వ పర్సంటైల్ విలువనే మధ్యగతం అంటాం. ఇటీవలి సంవత్సరాల్లో యేల్ లా స్కూల్‌లో ఎల్‌శాట్ మధ్యగతం 174–175, జీపీఏ మధ్యగతం 3.9కి పైన ఉంటున్నాయి.

ఈ పత్రం చదవడంలో రెండు జాగ్రత్తలు అవసరం. అంకెలన్నీ కళాశాలలో చేరినవారివి. సీటు వచ్చినా మరింత పేరున్న చోటికి వెళ్లిపోయినవారు వీటిలో ఉండరు కాబట్టి, సీటు ఇచ్చినవారి అంకెలు సాధారణంగా ఇంకాస్త ఎక్కువే. ఇక 25వ పర్సంటైల్ కన్నా తక్కువ ఎల్‌శాట్‌తో చేరినవారు తరగతిలో నాలుగో వంతు ఉన్నా, వారిలో చాలామందికి జీపీఏ బలంగా ఉంటుంది. రెండు అంకెలూ తక్కువ ఉన్నవారికి కూడా నాలుగో వంతు అవకాశం ఉందనుకోవడం పొరపాటు.

అంచనా పద్ధతులు

అన్నిటికన్నా సులువైనది పర్సంటైల్ పోలిక. రెండు అంకెలూ 75వ పర్సంటైల్‌ను దాటితే ఆ కళాశాలను భద్రమైనదిగా, మధ్యగతాల దగ్గర ఉంటే సరిజోడుగా, 25వ పర్సంటైల్ కిందికి పోతే అందని ఎత్తుగా భావిస్తారు. అగ్రశ్రేణి కళాశాలలకు ఈ విభజన వర్తించదు. అక్కడ 75వ పర్సంటైల్ దాటినవారు కూడా పెద్ద సంఖ్యలో తిరస్కరణకు గురవుతారు.

రెండోది గడుల పట్టిక. అడ్డంగా ఎల్‌శాట్ శ్రేణులు, నిలువుగా జీపీఏ శ్రేణులు వేసి, ప్రతి గడిలో దరఖాస్తుదారులు ఎందరో, సీటు వచ్చినవారు ఎందరో రాస్తారు. గతంలో అనేక కళాశాలలు ఇలాంటి పట్టికలను ప్రచురించేవి. రెండు అంకెలు కలిసి ఎలా పనిచేస్తాయో చూపడంలో దీనికి సాటిలేదు. అయితే అంచుల్లోని గడుల్లో మనుషులు తక్కువ. ముగ్గురిలో ఇద్దరికి సీటు వచ్చిందంటే దాన్ని 67 శాతం అవకాశంగా చదవకూడదు.

మూడోది సూచీ. ఎల్‌శాట్‌ను ఒక గుణకంతో, జీపీఏను మరో గుణకంతో హెచ్చించి, ఒక స్థిరసంఖ్యను కలిపితే ఒకే అంకె వస్తుంది. గుణకాలను ఒక్కో కళాశాలకు విడిగా, ఆ కళాశాల పాత విద్యార్థుల మొదటి ఏడాది మార్కుల నుంచి రాబడతారు. అభ్యర్థి మొదటి ఏడాది ఎలా చదువుతారన్నదే దీని అంచనా. కమిటీ సీటు ఇస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలగలపడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది.

ఎల్‌శాక్ చేయించిన అధ్యయనాల ప్రకారం మొదటి ఏడాది మార్కులతో ఎల్‌శాట్‌కు ఉన్న సహసంబంధం జీపీఏకు ఉన్నదానికన్నా బలమైనది. రెండూ కలిపితే సహసంబంధ గుణకం 0.5కు చేరువగా ఉంటుంది. పరీక్షల శాస్త్రంలో ఇది మంచి ఫలితమే. అయినా విద్యార్థుల మార్కుల్లో కనిపించే తేడాలో ఇది వివరించేది నాలుగో వంతు మాత్రమే.

నాలుగోది లాజిస్టిక్ రిగ్రెషన్. నేటి అంతర్జాల కాలిక్యులేటర్లలో చాలావాటికి ఇలాంటి గణాంక నమూనాలే ఆధారం. సీటు వచ్చింది, రాలేదు అన్న రెండు ఫలితాలున్న పాత సమాచారం నుంచి, కొత్త అభ్యర్థి అవకాశాన్ని శాతంగా చెబుతుంది. ఇక్కడ సమాచారం సాధారణంగా దరఖాస్తుదారులు స్వచ్ఛందంగా నమోదు చేసినదే. తమ ఫలితాలు నమోదు చేసేవారు ఎక్కువగా మంచి స్కోర్లున్నవారు, సీటు వచ్చినవారు. ఆ మేరకు శాతాలు పైకి ఒరగవచ్చు.

ఒక ఉదాహరణ

లెక్క నడిచే తీరు తెలియడానికి ఒక ఊహాత్మక కళాశాలను తీసుకుందాం. ఎల్‌శాట్ 165, జీపీఏ 3.7 ఉన్న అభ్యర్థికి అక్కడ సీటు వచ్చే, రాని అవకాశాలు సమానం అనుకుందాం. అంటే నిష్పత్తి 1. ఎల్‌శాట్ ఒక్క పాయింటు పెరిగితే ఈ నిష్పత్తి 1.35 రెట్లు, జీపీఏ 0.1 పెరిగితే 1.5 రెట్లు అవుతుందని అనుకుందాం.

మొదటి అభ్యర్థికి ఎల్‌శాట్ 168, జీపీఏ 3.5. మూడు పాయింట్ల ఎల్‌శాట్ నిష్పత్తిని 2.46 రెట్లు పెంచితే, 0.2 జీపీఏ లోటు దాన్ని 2.25తో భాగిస్తుంది. మిగిలేది 1.09. శాతంగా చూస్తే 52. రెండో అభ్యర్థికి ఎల్‌శాట్ 162, జీపీఏ 3.9. లెక్క సరిగ్గా తలకిందులై నిష్పత్తి 0.91కి, అవకాశం 48 శాతానికి చేరుతుంది. ఇద్దరి అంకెలూ ఎంతో వేరు, అవకాశాలు దాదాపు ఒకటే.

మొదటి అభ్యర్థి మళ్లీ పరీక్ష రాసి 170 తెచ్చుకుంటే నిష్పత్తి 1.99కి, అవకాశం 67 శాతానికి పెరుగుతుంది. డిగ్రీ ముగిసినవారికి జీపీఏను మార్చుకునే దారి లేదు. వారి చేతిలో మిగిలింది ఎల్‌శాటే. మళ్లీ రాయాలా వద్దా అని తేల్చుకోవడంలో అంచనా నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

మధ్యగతం ఒత్తిడి

పై లెక్కలో ప్రతి పాయింటుకూ ఒకే విలువ ఉంది. నిజజీవితంలో అలా ఉండదు. కళాశాలలు తమ మధ్యగతాన్ని కాపాడుకోవాలని చూస్తాయి. మధ్యగతం 165 అయితే, 164 నుంచి 165కు ఎక్కడం 167 నుంచి 168కి ఎక్కడం కన్నా ఎక్కువ పలుకుతుంది. దీనికి ప్రధాన కారణం యూఎస్ న్యూస్ ర్యాంకులు. ఆ పత్రిక లా స్కూళ్ల ర్యాంకులను 1987లో మొదలుపెట్టింది. వాటిలో ఎల్‌శాట్, జీపీఏ మధ్యగతాలకు చాలాకాలం గణనీయమైన వాటా ఉండేది. 2022 నవంబరులో యేల్, హార్వర్డ్ లా స్కూళ్లు ఆ ర్యాంకుల ప్రక్రియ నుంచి తప్పుకున్నాయి. మరెన్నో కళాశాలలు వాటి బాట పట్టాయి. 2023లో పత్రిక పద్ధతి మార్చి ప్రవేశ పరీక్ష వాటాను 5 శాతానికి, జీపీఏ వాటాను 4 శాతానికి తగ్గించింది.

ఈ ఒత్తిడి తప్పుదారి పట్టించిన సందర్భాలూ ఉన్నాయి. ఎల్‌శాట్, జీపీఏ గణాంకాలను కొన్నేళ్లపాటు పెంచి చూపినందుకు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ లా కళాశాలను బార్ అసోసియేషన్ 2012లో బహిరంగంగా మందలించి 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. కళాశాల అంకెలే అబద్ధమైతే వాటిమీద కట్టిన అంచనాలన్నీ కూలుతాయి.

ఎల్‌శాట్ మధ్యగతం పైన, జీపీఏ కింద ఉన్నవారిని స్ప్లిటర్లని, దానికి విరుద్ధంగా ఉన్నవారిని రివర్స్ స్ప్లిటర్లని పిలుస్తారు. రెండు మధ్యగతాల్లో ఒకదాన్ని నిలబెట్టడానికి కళాశాలకు వీరు అవసరం. ఏ ఏడాది ఏ అంకెకు కొరత ఉందో బయటికి తెలియదు కాబట్టి వీరి విషయంలోనే అంచనాలు ఎక్కువగా తప్పుతాయి.

కోర్టుల్లో అంకెలు

ప్రవేశాల కమిటీలు అంకెలను ఎలా వాడతాయో లోకానికి తెలియజేసినవి కోర్టు దావాలు. 1971లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ లా స్కూల్‌లో సుమారు 150 సీట్లకు 1,601 దరఖాస్తులు వచ్చాయి. జూనియర్, సీనియర్ సంవత్సరాల గ్రేడ్లు, ఎల్‌శాట్ కలిపి ప్రతివారికీ మొదటి ఏడాది సగటును ఊహించి ఒక అంకె కట్టారు. 77 దాటినవారి ఫైళ్లు ముందే కమిటీ చేతికి వెళ్లాయి. 74.5 కన్నా తక్కువ వచ్చినవారిలో చాలామందిని ఛైర్మన్ స్థాయిలోనే పక్కన పెట్టారు. సీటు రాని మార్కో డీఫునిస్ అంకె 76.23. ఆయన ఎల్‌శాట్ మూడుసార్లు రాసి 512, 566, 668 తెచ్చుకోగా, నాటి పద్ధతి ప్రకారం సగటు 582నే తీసుకున్నారు. అత్యధిక స్కోరును పరిగణించే నేటి పద్ధతిలో ఆయన అంకె వేరుగా ఉండేది. అల్పసంఖ్యాక వర్గాల దరఖాస్తులను విడిగా పరిశీలించడాన్ని సవాలు చేస్తూ ఆయన వేసిన దావా సుప్రీంకోర్టుకు చేరింది. అప్పటికి కింది కోర్టు ఆదేశంతో చేరి చదువు ముగించే దశలో ఉన్నందున, 1974లో కోర్టు తీర్పు అవసరం లేదని ముగించింది.

మిషిగన్ విశ్వవిద్యాలయ లా స్కూల్‌పై బార్బరా గ్రటర్ వేసిన దావాలో గడుల పట్టికే సాక్ష్యమైంది. ఆమె జీపీఏ 3.8, ఎల్‌శాట్ 161. ఒకే గడిలో ఉన్న వేర్వేరు జాతుల అభ్యర్థుల అవకాశాలను గణాంకవేత్త కిన్లీ లార్ంట్జ్ పోల్చి చూపారు. జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడవచ్చని 2003లో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో కళాశాల పక్షాన తీర్పిచ్చింది. 2023లో హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో జాతి ఆధారిత ప్రవేశాలను కోర్టు చెల్లవంది. దాంతో 2023కు ముందటి ఫలితాల మీద కట్టిన నమూనాలను యథాతథంగా వాడటం సరికాదు.

అంచనాల పరిమితులు

దరఖాస్తులో వ్యక్తిగత వ్యాసం, సిఫార్సు లేఖలు, ఉద్యోగానుభవం, సైనిక సేవ, క్రమశిక్షణ చరిత్ర కూడా ఉంటాయి. వీటిని అంకెల్లో పెట్టలేం. దరఖాస్తు సమయం కూడా ముఖ్యమే. ప్రవేశాలు సాధారణంగా సెప్టెంబరులో తెరుచుకుని, వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే పరిష్కరిస్తూ పోతాయి. ఆలస్యమయ్యేకొద్దీ సీట్లు, ఉపకారవేతన నిధి రెండూ తరుగుతాయి.

పోటీ ఏటేటా మారుతుంది. 2010లో దరఖాస్తుదారులు సుమారు 88 వేలమంది ఉంటే, 2015 నాటికి 55 వేల లోపుకు పడిపోయారు. కోవిడ్ కాలంలో, 2020–21లో, ఒక్క ఏడాదిలోనే సుమారు 13 శాతం పెరిగారు. ఉన్నత స్కోర్లున్నవారు అంతకన్నా ఎక్కువగా పెరిగారు. నిరుటి అంకెలు నమ్ముకుని భద్రమనుకున్న కళాశాలలు అప్పుడు చాలామందికి అందలేదు.

భారతీయ డిగ్రీ ఉన్నవారు

ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చేసి అమెరికాలో జేడీకి వెళ్లాలనుకునేవారికి ఈ కాలిక్యులేటర్లు పూర్తిగా సరిపోవు. భారతీయ డిగ్రీలకు ఎల్‌శాక్ 4 పాయింట్ల జీపీఏ కట్టదు. ఉత్తమం, సగటుకు పైన, సగటు, సగటుకు కింద అన్న స్థాయి మాత్రమే ఇస్తుంది. కళాశాల ప్రకటించే జీపీఏ మధ్యగతంలోనూ వీరు లెక్కకు రారు. కనుక వీరి విషయంలో ఎల్‌శాట్ బరువు మరింత పెరుగుతుంది. శాతాన్ని సొంతంగా 4 పాయింట్ల జీపీఏగా మార్చుకుని కాలిక్యులేటర్లో వేయడం వల్ల ప్రయోజనం లేదు. అమెరికాలోనే డిగ్రీ చదివిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ ఇబ్బంది ఉండదు. మన దగ్గర ఎల్‌ఎల్‌బీ చేసినవారు ఎక్కువగా ఏడాది ఎల్‌ఎల్‌ఎం కోర్సుకు వెళతారు. దానికి సాధారణంగా ఎల్‌శాట్ అడగరు.

హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం క్లాట్ ప్రవేశ పరీక్ష ర్యాంకు, రిజర్వేషన్ వర్గాన్నిబట్టి సీట్లు ఇస్తాయి. అక్కడ నిరుటి చివరి ర్యాంకు చూస్తే అంచనా చాలావరకు సరిపోతుంది. అదే అలవాటుతో అమెరికా అంకెలను చదివితే నిరాశ తప్పదు.

అంచనాను వాడుకోవలసిన తీరు

అంచనా చెప్పే శాతం, అలాంటి అంకెలున్న ఒక గుంపుకు సంబంధించినది. 30 శాతం అంటే అటువంటి వందమందిలో సుమారు 30 మందికి సీటు వచ్చిందని అర్థం. ఒక్కరికి వచ్చేది సీటో తిరస్కరణో మాత్రమే. అందుకే ఒక్క కళాశాల శాతాన్ని పట్టుకుని కూర్చోకుండా, అందని ఎత్తు, సరిజోడు, భద్రం అన్న మూడు రకాలూ కలిసిన జాబితా తయారుచేసుకోవాలి. మధ్యగతాలకు పైన ఉన్న చోట సీటుతోపాటు ఫీజు రాయితీ కూడా దక్కే వీలుంటుంది. ఆ రాయితీకి మార్కుల షరతు ఉందేమో తప్పక అడగాలి. బార్ పరీక్ష ఉత్తీర్ణత, పట్టా తర్వాత ఉద్యోగాలు వచ్చినవారి వివరాలను కూడా కళాశాలలు ఏటా వెల్లడించాలి. సీటు వస్తుందా అన్న ప్రశ్నకు ఇచ్చినంత శ్రద్ధ వాటికీ ఇవ్వాలి.

ఏ ఏడాది సమాచారంతో, ఎవరి సమాచారంతో లెక్కించారో చెప్పని కాలిక్యులేటర్‌ను నమ్మకూడదు. దరఖాస్తు ఫీజు కట్టేముందు ప్రతి అభ్యర్థీ ఆయా కళాశాలల తాజా 509 పత్రాన్ని స్వయంగా తెరిచి చదవాలి. అది ఉచితంగా, అందరికీ అందుబాటులో ఉంది.